శాఖ అధ్యక్షులకు కాలపరిమితి పెట్టాలా, వద్దా?

శాఖ కార్యదర్శి:
మాది జీతాల్లేని సంఘం. సభ్యులు రుసుము కట్టి మరీ పనిచేస్తారు. మా ప్రాంతీయ శాఖకు 9 ఏళ్లుగా ఒక్కరే అధ్యక్షులు. మచ్చలేని మనిషి. ప్రతిసారీ ఏకగ్రీవమే. ఇప్పుడు కొందరు సభ్యులు వచ్చే సర్వసభ్య సమావేశంలో నియమావళి సవరణ పెట్టమంటున్నారు: పదవీకాలం 2 ఏళ్లు, వరుసగా రెండు దఫాలకు మించి ఎవరూ ఉండకూడదు. ఎజెండా రాయాల్సింది నేను. రాస్తే ఆయన్ని పొమ్మన్నట్టు, రాయకపోతే వాళ్ల నోరు నొక్కినట్టు. మీరేమంటారు?

నిబంధనల పక్షం:
పరిమితి ఉండాల్సిందే. ఏకగ్రీవం అంటే అందరికీ ఇష్టమనే కాదండీ, నామినేషన్ వేయడానికి మొహమాటపడ్డారని కూడా. ప్రజాస్వామ్యం కోసం పుట్టిన పార్టీలు, కార్మిక సంఘాలు కూడా చివరికి కొద్దిమంది చేతుల్లోకి ఎందుకు పోతాయని రాబర్ట్ మిచెల్స్ అనే సమాజశాస్త్రవేత్త 1911లోనే పుస్తకం రాశాడు. దానికి నాయకుడు చెడ్డవాడు కానక్కర్లేదు. పని తెలిసింది అతనొక్కడికే కావడం, చేసిన మేలుకు సభ్యులు కృతజ్ఞతతో ఉండడం, ఈ రెండూ చాలు. మీరు చెప్పిన పెద్దమనిషి విషయంలో రెండూ ఉన్నాయి. రోటరీ అనే సేవాసంస్థ 1905లో మొదలైంది. జిల్లా గవర్నర్, అంటే ఒక ప్రాంతంలోని క్లబ్బులన్నిటికీ పెద్ద, పదవి అక్కడ ఒక్క ఏడాదే, జూలై 1న కొత్తవాళ్లు వస్తారు. సంస్థేమీ కూలిపోలేదే!

పాత సభ్యుడు:
రోటరీ మాట సగమే చెప్పారు. అక్కడ గవర్నర్‌ను బాధ్యతలు చేపట్టడానికి కనీసం 2 ఏళ్ల ముందే ఎంపిక చేస్తారు. ఆ రెండేళ్లూ శిక్షణ, తనకంటే ముందున్నవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవడం. వరుసలో ఎప్పుడూ ఒకరు సిద్ధంగా ఉంటారు కాబట్టే ఏడాది పదవి నడుస్తోంది. మన చిన్న శాఖలకు అలాంటి వరుస ఎక్కడుంది? సమావేశానికి కోరం తేవడానికే ముందురోజు రాత్రి దాకా ఫోన్లు చేస్తాం. పరిమితి పెట్టి ఆయన్ని దించేశాక ఒక్క నామినేషనూ రాకపోతే? శాఖకు తాళం వేస్తారా? పనిచేసే మనిషిని వద్దనడానికి రూలు రాసుకోవడం నాకు మింగుడుపడదు.

కొత్త సభ్యురాలు:
నామినేషన్ రాదని ముందే అనేసుకుంటే ఎలా వస్తుందండీ? గతేడాది వార్షిక సభ నేను నడుపుతానని అడిగాను. "నువ్వు కుర్చీలు, మైకు చూసుకో తల్లీ, మాట్లాడేది నేను చూసుకుంటా" అన్నారు మా అధ్యక్షులు. ఎంతో ఆప్యాయంగానే అన్నారు. నాతోపాటు చేరిన నలుగురిలో ముగ్గురు ఈసారి సభ్యత్వం రెన్యువల్ చేసుకోలేదు. జీతం లేని చోట మనిషిని నిలబెట్టేది తన చేతిలో ఒక పని ఉందన్న భావనే కదా. అది కూడా లేకపోతే ఎందుకుంటారు?

మాజీ కోశాధికారి:
ఇద్దరి మాటా కాదనను. కానీ మాకు జరిగింది చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మా శాఖలో పరిమితి ఉండేది. పదవీకాలం అయిపోగానే అధ్యక్షులు మర్యాదగా తప్పుకున్నారు. దండలు వేశాం, ఫొటోలు దిగాం. మర్నాటి నుంచి తిప్పలు. బ్యాంకులో సంతకం ఇంకా ఆయనదే, మార్చడానికి తీర్మానం కాపీ కావాలన్నారు. మినిట్స్ పుస్తకంలో చూస్తే ఆ తీర్మానమే రాయలేదు. ఈమెయిల్ పాస్‌వర్డ్ ఆయన ఫోన్‌కి ముడిపడి ఉంది. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాం.

సర్దుకోలేనిది ఇంకొకటి. సభ్యుల జాబితా ఆయన తయారుచేసిన స్ప్రెడ్‌షీట్‌లో ఉండేది. రుసుము కట్టినవాళ్ల వరుసకు ఆకుపచ్చ, బాకీ ఉన్నవాళ్లకు పసుపు. ఓ ఎనిమిది వరుసలకు మాత్రం నారింజ రంగు. అదేమిటో ఎవరికీ తెలీదు. బాకీల్లోనే ఇంకో రకం అనుకుని, పసుపుతోపాటు వాళ్లకీ గట్టిగా నోటీసు పంపాను. రెండు రోజులకు ఒకావిడ ఫోన్ చేశారు. ఆవిడ భర్త పోయి నాలుగు నెలలు. "మీ పాత అధ్యక్షులు నెలకోసారి ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగేవారు. ఇప్పుడు బాకీ కట్టమని కాగితం వచ్చింది" అన్నారు. గొంతులో కోపం కూడా లేదు. నారింజ అంటే కష్టంలో ఉన్నవాళ్లు, రుసుము అడక్కూడదు, ఫోన్ చేసి పలకరించాలి. అది ఆయన తలలో తప్ప ఎక్కడా రాసిలేదు.

అందుకే అంటున్నాను: పరిమితి పెట్టండి, తప్పకుండా పెట్టండి. కానీ మనిషి దిగకముందే ఆయన తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి. రాబోయే అధ్యక్షులు ఆరునెలలైనా ఉపాధ్యక్షులుగా పక్కన తిరగాలి. అది కూడా సవరణలోనే రాయాలి, మంచితనానికి వదిలేయకూడదు.

మరో శాఖ అధ్యక్షుడు:
10 ఏళ్లుగా ఆ కుర్చీలో ఉన్నవాణ్ణి. పరిమితి పెట్టండి. మూడుసార్లు దిగిపోతానన్నాను. మూడుసార్లూ "మీరు లేకపోతే ఎలా సార్" అన్నారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, అక్కడే చిక్కుకుపోయాను. పైనుంచి కేంద్ర కార్యాలయం సర్క్యులర్లు, కిందనుంచి "అక్కడ మన గోడు వినిపించరేం" అన్న నిష్ఠూరాలు. మా అమ్మాయి స్కూల్లో వార్షికోత్సవాలకు నేను వెళ్లింది రెండేసార్లు, ఇప్పుడు తను కాలేజీలో ఉంది. నాకై నేను తప్పుకుంటే పారిపోయాడంటారని భయం. రూలే ఉండి ఉంటే తలెత్తుకుని ఇంటికి వెళ్లేవాణ్ణి. కార్యదర్శి గారూ, మీ అధ్యక్షుల్ని అవమానిస్తున్నానని బాధపడకండి. ముందు వెళ్లి అడగండి. ఆయనా నాలాగే ఎదురుచూస్తూ ఉండొచ్చు.

పాత సభ్యుడు:
ఈ కోణం నేను ఆలోచించలేదు. అయినా ఒక్క మినహాయింపు ఉండాలంటాను: గడువులోగా ఎవరూ నామినేషన్ వేయకపోతే, ఉన్నవాళ్లే ఇంకో ఏడాది, ఒక్క ఏడాది మాత్రమే కొనసాగవచ్చని.

నిబంధనల పక్షం:
ఆ మినహాయింపే రేపు రూలైపోతుంది, నేను ఒప్పుకోను. సరే, అది సభలో తేల్చుకోండి. సవరణ రాసేటప్పుడు మాత్రం రెండు జాగ్రత్తలు. అమెరికాలో చాలా సంఘాలు అనుసరించే సమావేశ నియమాల పుస్తకం రాబర్ట్స్ రూల్స్ (1876 నాటిది) ప్రకారమైతే నియమావళి మార్చడానికి ముందస్తు నోటీసు ఉండాలి, పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలి. మీ నియమావళిలో వేరేగా ఉంటే అదే చెల్లుతుంది. రెండోది, ఎప్పటినుంచి అమలో, ఇప్పటికే గడిచిన 9 ఏళ్లు లెక్కలోకి వస్తాయో రావో స్పష్టంగా రాయండి. రాయకపోతే ఎన్నికల రోజున గొడవ ఖాయం.

శాఖ కార్యదర్శి:
అందరికీ ధన్యవాదాలు. నారింజ రంగు సంగతి చదివాక మా జాబితా తెరిచి చూశాను. మా దాంట్లో రంగుల్లేవు, కొన్ని పేర్ల పక్కన చుక్కలున్నాయి. వాటి అర్థం నాకూ తెలీదు. రేపు సాయంత్రం అధ్యక్షుల ఇంటికి వెళ్తున్నాను. ముందు చుక్కల గురించి అడిగి, తర్వాత సవరణ మాట ఎత్తుతాను.

కొత్త సభ్యురాలు:
మీకు నోటీసు గడువు ఎంతండీ?

శాఖ కార్యదర్శి:
సభకు 21 రోజుల ముందు అందరికీ చేరాలి. అంటే నా చేతిలో ఇంకా 6 రోజులే ఉన్నాయి.