‘హెల్త్ కేర్ రెన్యూవల్ అకార్డ్’ను తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. సమాఖ్య ప్రభుత్వాల మీద ఒక వ్యాసాన్ని తెలిగిస్తున్నాను. కెనడాలో 2003 ఫిబ్రవరిలో కుదిరిన ‘ఫస్ట్ మినిస్టర్స్ అకార్డ్ ఆన్ హెల్త్ కేర్ రెన్యూవల్’ దగ్గర కలం ఆగిపోయింది. ‘ఆరోగ్య సంరక్షణ పునరుద్ధరణపై ప్రథమ మంత్రుల ఒప్పందం’ అని రాసుకున్నాను కానీ పంటి కింద రాయిలా తగులుతోంది. ఎక్కడ తేడా వచ్చిందంటారు?

జవాబు:
‘ప్రథమ మంత్రులు’ అంటే దేశానికి మొట్టమొదటి మంత్రులనుకుంటారండీ. అక్కడ ఆ మాట ప్రధానమంత్రినీ, పది ప్రావిన్సుల, మూడు టెరిటరీల ప్రీమియర్లనూ కలిపి చెప్పేది. ప్రీమియర్ అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టే పదవీనామం మనకు లేదు. ‘ప్రభుత్వాధినేతలు’ అంటే సరిపోతుంది.

మరో జవాబు:
నా అభ్యంతరం ‘పునరుద్ధరణ’ మీద. కరెంటు పోతే సరఫరాను పునరుద్ధరిస్తారు, వరదకు తెగిన రాకపోకలను పునరుద్ధరిస్తారు. పోయినదాన్ని మునుపటి స్థితికి తేవడమన్నమాట. (ఉత్త ‘ఉద్ధరించడం’ సంగతి సరేసరి, ‘నువ్వు ఉద్ధరించింది చాల్లే’ అన్న వెక్కిరింతలోనే బతుకుతోంది.) అక్కడ వ్యవస్థ కూలిపోలేదు. సస్కాచవాన్ అనే ప్రావిన్సులో 1947లో ఆసుపత్రి బీమాగా మొదలై, 1962లో డాక్టర్ల ఫీజులకూ విస్తరించి, 1966 నాటి కేంద్ర చట్టంతో దేశమంతా పాకిన పథకం అది. ఈ వ్యవస్థ భవిష్యత్తును పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చిన రొమనోవ్ కమిషన్ కూడా, ప్రజలు కావాలనుకుంటే అది నిలుస్తుందనే తేల్చింది. లోటల్లా ఒకటే: దేశవ్యాప్త హామీ ప్రధానంగా ఆసుపత్రి దగ్గరా డాక్టరు దగ్గరా ఆగిపోయింది. ఇంటి వద్ద వైద్యసేవలకూ, బయట కొనే ఖరీదైన మందులకూ అప్పట్లో అలాంటి హామీ లేదు. 2003లో వీటికీ, ప్రాథమిక వైద్యానికీ కలిపి ఐదేళ్లకు 1,600 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. ఉన్నదాన్ని నేటి అవసరాలకు తగ్గట్టు పెంచుకోవడం కాబట్టి ‘నవీకరణ’ మేలు.

ప్రశ్న వేసినవారు:
నవీకరణ అంటే ఫోనులో యాప్ గుర్తొస్తోందండీ. ‘సంస్కరణ’ అంటే?

జవాబు:
వద్దు. 1991 తర్వాత ఆ మాట వింటేనే తెలుగు పాఠకుడు ప్రైవేటీకరణ వైపు చూస్తాడు. యాప్ గుర్తొచ్చినా నష్టం లేదు.

మరో జవాబు:
అసలు చిక్కు ‘ఒప్పందం’తో. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ మాట వినగానే మనకు షరతులు, సంతకాలు, మాట తప్పితే కోర్టు గుర్తొస్తాయి. ప్రభుత్వాల మధ్య అకార్డ్ అలాంటిది కాదు. 1867 రాజ్యాంగ చట్టం ఆసుపత్రులను ప్రావిన్సులకు అప్పగించింది. ఖర్చులో వాటా ఇచ్చే కేంద్రం, ఆ డబ్బు చూపించే షరతులు పెడుతుంది. అందుకే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోక తప్పదు. కానీ కుదిరిన మాటకు కోర్టులో ఎంత బలముంది? ఆరోగ్యం పద్దు కాదు గానీ, సాంఘిక సహాయం పద్దులో ఇది తేలింది. పేదల సహాయ ఖర్చులో సగం భరిస్తానన్న కేంద్రం, 1990లో బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా, ఒంటారియోలకు ఇచ్చే మొత్తం ఏటా 5 శాతానికి మించి పెరగకుండా బిగించింది. బ్రిటిష్ కొలంబియా కోర్టుకెక్కింది. పార్లమెంటు తన చట్టాన్ని తాను మార్చుకోవచ్చని 1991లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

మన చరిత్రలో ఈ తరహా దానికి సరిగ్గా అతికే పేరు 1956 నాటి ‘పెద్దమనుషుల ఒప్పందం’. ఆ ‘పెద్దమనుషుల’ అన్న విశేషణమే, ఇది మాట మీద నిలబడాల్సిన వ్యవహారమని చెప్పేస్తుంది. అయితే మీ వ్యాసంలో అది పెడితే పాఠకుడు కెనడాను వదిలేసి వేరే గొడవలోకి దిగుతాడు. అందుకే ‘ఒడంబడిక’ అంటాను. ఒడంబడటమంటే సమ్మతించడం. కొనుగోళ్ల వాసన, గుత్తేదారు వాసన దానికి ఇంకా అంటలేదు.

జవాబు:
అంతర్జాతీయ ఒడంబడికలు అని రాస్తున్నాం కదండీ, అవి చట్టబద్ధమే కదా?

జవాబు:
నిజమే. కానీ వాటిని తప్పినవారి ఇంటికి పోలీసులు వెళ్లడం ఎప్పుడైనా చూశారా?

ప్రశ్న వేసినవారు:
ఒప్పుకున్నాను. ‘ఆరోగ్య వ్యవస్థ నవీకరణపై ప్రభుత్వాధినేతల ఒడంబడిక’ అని మార్చాను. ఇంకొక్కటి. 2004 సెప్టెంబరులో పదేళ్లకు 4,100 కోట్ల డాలర్లతో మరో ప్రణాళిక కుదిరినప్పుడు, క్విబెక్ ప్రావిన్సు తనకంటూ విడిగా ఒక పత్రం రాయించుకుంది. ‘అసిమెట్రికల్ ఫెడరలిజం’ అన్నారు. ‘అసమాన సమాఖ్య’ అనవచ్చా?

జవాబు:
అనకండి. అసమానం అంటే క్విబెక్‌కు అన్యాయం జరిగిందనో, మిగతావాళ్లకు జరిగిందనో అర్థమొస్తుంది. లెక్కల పుస్తకాల్లో ‘సిమెట్రీ’కి ‘సౌష్ఠవం’ ఉంది కానీ ‘అసౌష్ఠవ సమాఖ్య’ నోరు తిరగదు. అందరూ ఒకే లక్ష్యాలకు ఒప్పుకుంటూ, క్విబెక్ మాత్రం వాటిని తన పద్ధతిలో తాను అమలు చేసుకుంటానంది. ‘భిన్నరీతి సమాఖ్య’ అని రాసి, మొదటిసారి వచ్చినచోట ఈ ఒక్క వాక్యం వివరణగా చేర్చండి.