తుంటి కీలు మార్పిడి తర్వాత కీలు జారితే తప్పు పేషెంట్‌దేనా?

మల్కాజిగిరి వాసి:
అమ్మకి 66 ఏళ్లు. తుంటి కీలు మార్పించి ఐదు వారాలు. మొన్న ఇంట్లో వ్రతం. దివాన్ మీద కూర్చుని తాంబూలాలు ఇస్తూ, కింద పడ్డ వక్క తీద్దామని వంగింది. టక్‌మని శబ్దం, ఆ వెంటే కేక. చూస్తే కాలు పొట్టిగా అయిపోయి, పాదం లోపలికి తిరిగిపోయింది. ఆసుపత్రిలో మత్తిచ్చి కీలు మళ్లీ కూర్చోబెట్టారు. "చెప్పినట్టు వినలేదు కదా" అన్నారు. ఆ మాటకి అమ్మ రెండు రోజులుగా ఏడుస్తోంది. నిజంగా తన తప్పేనా?

ఎల్బీనగర్ అన్న:
బాధపడకండి గానీ, నా ఉద్దేశంలో జాగ్రత్త లోపమే. వెనక వైపు నుంచి చేసిన ఆపరేషనైతే తుంటి 90 డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు. మా నాన్న మూడు నెలలు అలాగే ఉన్నారు, ఏమీ కాలేదు.

ఫిజియో, నాంపల్లి:
అన్నా, మీ నాన్నగారు బాగున్నారని వాళ్లమ్మగారిది తప్పని ఎలా తేలుస్తాం? కటి ఎముకలో బిగించిన గిన్నెలాంటి కప్పు ఏ కోణంలో కూర్చుంది, అందులో తిరిగే బంతి (తొడ ఎముక తల బదులు పెట్టింది) సైజు ఎంత, చుట్టూ కండరాలు ఎంత బిగువుగా ఉన్నాయి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. 1960లలో ఈ ఆపరేషన్‌కి బాట వేసిన బ్రిటిష్ సర్జన్ చార్న్‌లీ వాడిన బంతి 22 మి.మీ. చిల్లర, ఇప్పుడు 32, 36 వేస్తున్నారు. బంతి పెద్దదైతే కప్పు దాటి బయటికి రావడానికి ఎక్కువ దూరం జరగాలి. అందరూ మరిచిపోయేది నడుము. మనం కూర్చున్నప్పుడు కటి వెనక్కి వాలి, కప్పు ముందుకి తెరుచుకుని, తొడకి చోటు ఇస్తుంది. నడుము బిగిసిపోయి ఉంటే ఆ వాలు ఉండదు. అమ్మగారికి వెన్ను ఆపరేషన్ ఏమైనా అయిందా?

మల్కాజిగిరి వాసి:
అయిందండీ, నాలుగేళ్ల కిందట రాడ్లు వేశారు! ఫైల్లో ఉంది. ఆపరేషన్ ముందు ఆ విషయం ఎవరూ మాతో మాట్లాడలేదు.

ఎల్బీనగర్ అన్న:
అది నాకు తెలీదు, అమ్మగారిని అన్నందుకు సారీ. కానీ జాగ్రత్తలు మాత్రం వదలొద్దు, జారడాలు ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే.

ఫిజియో, నాంపల్లి:
అందులో గొడవే లేదు. కాకపోతే "వంగొద్దు" అని కాగితం మీద రాసిచ్చి పంపితే సరిపోదు, ఇంట్లో దివాన్ ఎత్తెంతో అడగాలి. కూర్చుంటే మోకాలు తుంటి కంటే కిందుండాలి. కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు ఎక్స్‌రే తీసి నడుము కదలిక చూడమని అడగండి. మళ్లీ జారితే డ్యూయల్ మొబిలిటీ కప్పు (బంతి రెండు పొరల్లో తిరిగేది, అంత తేలిగ్గా జారదు) గురించి మాట్లాడండి. మళ్లీ టక్‌మంటే మాత్రం ఇంట్లో ఎవరూ కాలు లాగొద్దు, అంబులెన్స్ పిలవండి.

మల్కాజిగిరి వాసి:
ఇదంతా అమ్మకి చదివి వినిపించా. "రాడ్ల సంగతి నేనైనా గుర్తుచేయాల్సింది" అంటోంది, ఇంకా తన మీదే వేసుకుంటూ.

ఫిజియో, నాంపల్లి:
అది గుర్తుపెట్టుకోవాల్సింది ఆమె కాదని చెప్పండి. ఈ రోజే దివాన్ మీద ఇంకో పరుపు వేయండి.