ఎర్ర తిలాపియాకు నల్ల పిల్లలు ఎట్టా పుట్టాయి?

కోడూరు గట్టు
రొయ్యలు వరసగా రెండు పంటలు పోయాక ఉప్పునీటి గుంటలో ఎర్ర తిలాపియా వేశాను. మాది ఇందుకూరుపేట వైపు. సీడు (పెంచడానికి వేసే చేప పిల్లలు) ఇచ్చినాయన అంతా ఎరుపే అన్నాడు, నిజంగానే ఒక్క నల్లది లేదు. వాటిలో మంచి సైజువి ఏరి, హాపాలో (నీళ్లలో కట్టే వల తొట్టి) వదిలి పిల్లలు తీశాను. పదిహేను రోజులకు చూస్తే మధ్య మధ్యలో బూడిద రంగువి. తెల్ల టబ్బు ఎండలో పెట్టుకుని గిన్నెతో తోడి లెక్కేశా. 200కి 53 నల్లవి. కాలవలోంచి నాటు తిలాపియా ఏమైనా దూరిందా, సీడులోనే మోసమా? కొనేవాళ్లు రెండు రంగులూ కలిస్తే మొత్తానికీ నల్లదాని రేటే కడతామంటున్నారు.

ఉలవపాడు మామిడి
మోనోసెక్స్ కాదా అన్నా? అన్నీ మగవైతే పిల్లలే రాకూడదే.

కోడూరు గట్టు
కాదు, ఆడా మగా కలిసిన సీడే తెచ్చా.

తొట్టి దగ్గర పదేళ్లు
మీరు లెక్క పెట్టడం మంచిదైంది, జవాబు ఆ 53లోనే ఉంది. దాదాపు నాలుగో వంతు. నాటు మగది దూరి ఉంటే సగం దాకా నల్లవి వచ్చేవి, లేదా అసలు వచ్చేవే కావు.

రంగు జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. మామూలుగా ఎర్ర తిలాపియాలో ఎరుపుదే పైచేయి. రెంటిలో ఒకటి ఎరుపైనా చేప ఎర్రగానే కనిపిస్తుంది, నలుపు లోపల దాగి ఉంటుంది. మీకు సీడిచ్చినాయన అసలు ఎర్రదాన్ని నల్లదానితో కలిపి ఉంటాడు. పిల్లలన్నీ ఎరుపే, అన్నిట్లోనూ నలుపు దాగి ఉంది. వాటిని వాటితోనే కలిపితే నాలుగింట ఒకటి నల్లగా బయటపడుతుంది. మోసం అనలేం. ఆయన అమ్మింది పెంచి అమ్ముకునే చేప, తల్లి చేప కాదు.

ఒకటి అడుగుతా. మీ తల్లి చేపల ఒంటి మీద నల్లమచ్చలున్నాయా?

కోడూరు గట్టు
ఉన్నాయి. వీపు మీద మిరియాల పొడి చల్లినట్టు. చలికాలంలో ఇంకా ఎక్కువయ్యాయి. రోగమనుకుని పొటాషియం పర్మాంగనేట్ కూడా వేశా!

తొట్టి దగ్గర పదేళ్లు
రోగం కాదు. నలుపు దాగి ఉన్నవాటికి మచ్చలు ఎక్కువగా పడతాయి, చలి తగిలితే ఇంకా పెరుగుతాయి. అయితే మచ్చ లేనిదల్లా అసలు ఎరుపని నమ్మొద్దు.

పులుసు ప్రియుడు
మామిడికాయ వేసి పులుసు పెట్టాక ఏ రంగైతే ఏముంది సామీ.

ఉలవపాడు మామిడి
ఉంది. నాటు తిలాపియాకు పొట్టలోపల నల్లపొర ఉంటుంది, కడిగే ఆడవాళ్లు మొహం చిట్లిస్తారు. ఎర్రదానికి ఆ పొర తెల్లగానే ఉంటుంది.

సింగరాయకొండ సీడు
రంగు పిచ్చిలో పడి నేను నష్టపోయా, వినండి. మచ్చ లేని మగవి రెండే ఉంచుకుని, వాటి పిల్లల్ని వాటిలోనే కలుపుతూ మూడు తరాలు తీశా. రంగు ముచ్చటగా వచ్చింది. కానీ మేత అంతే తిని సైజు రాలేదు, కొన్నిటికి నడుం వంకర. అన్నీ అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములే అయితే ఇంకేమవుతుంది! జయంతి రోహు అని త్వరగా పెరిగే రోహు రకం ఉంది, అది ఎట్టా వచ్చిందో చూడండి. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫాలో 1992లో నార్వే వాళ్లతో కలిసి మొదలుపెట్టినప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర చేపల్ని, ఫారం చేపల్ని కలిపి తీసుకున్నారు. ఏరింది రంగు చూసి కాదు, పెరుగుదల చూసి. తరానికి సుమారు 17 శాతం పెరుగుదల సాధించారు. మనకు అంత హంగు లేదు, కనీసం మగవాటినైనా రెండు మూడు చోట్ల నుంచి తెచ్చుకోవాలి.

కోడూరు గట్టు
అయితే ఈ 53 నల్లవాటిని ఏం చేయను? గద్దలకు వేసేదా?

తొట్టి దగ్గర పదేళ్లు
అయ్యో, పారేయకండి! పరీక్షకు అవే కావాలి. మీ ఎర్ర పిల్లల్లో మూడింట ఒకటి నలుపు లేని అసలు ఎరుపు, కంటితో చూసి కనిపెట్టలేం. ఎదిగాక ఒక్కో ఎర్ర మగదాన్ని విడి హాపాలో నల్ల ఆడదానితో పెట్టండి. తిలాపియా ఆడది గుడ్లు నోట్లోనే పొదుగుతుంది కదా, పిల్లలు కలిసిపోకముందే తీయండి. ఒక్క నల్ల పిల్ల కనపడినా ఆ మగది పనికిరాదు. ఇరవై పిల్లలూ ఎర్రగానే ఉంటే అనుమానం అక్కర్లేదు. అట్టాంటి మగది దొరికితే ఏ ఆడదానితో పెట్టినా పిల్లలన్నీ ఎరుపే.

కోడూరు గట్టు (ఆరు నెలల తర్వాత)
ఆరు మగవాటిని పరీక్షించా. నాలుగిటికి నల్లవి వచ్చాయి, మొదటిదానికి సరిగ్గా సగం. రెండు మాత్రం ఒక్క నల్లది లేకుండా ఇచ్చాయి. వాటిలో ఒకటి బక్కది, తీసేశా. పెద్దదాన్ని ఉంచుకుని, తోడుగా వేరే హ్యాచరీ నుంచి ఇంకో నాలుగు మగవి తెచ్చా. ఇంట్లోవాళ్లు పులుసుకని నల్ల ఆడవి అడిగారు, ఇవ్వలేదు. ఈ నాలుగింటినీ పరీక్షించాలిగా.