సీమ మాట మాట్లాడితే వాచికంలో మార్కులు కోయడం న్యాయమేనా?

పెన్న ఒడ్డు:
మొన్న అనంతపురంలో రెండు రోజులు జరిగిన కాలేజీల ఏకాంకికల పోటీలో మా జట్టు కూడా ఆడింది. నేను డిగ్రీ మూడో ఏడు. నాటకం రాసిందీ, ఆడించిందీ నేనే. కథ చిన్నది. ఒక రైతు నాలుగో బోరు వేయిస్తాడు. రాత్రంతా రిగ్గు లారీ మోత. ఇంట్లో తల్లీ కూతురూ మేలుకొనే ఉంటారు. తెల్లవారుజామున ఆయన ఒళ్ళంతా తెల్లటి రాతిపిండితో వస్తాడు. కూతురు చెంబుతో నీళ్ళిస్తుంది. ఆయన తాగడు. ఆ చెంబు వైపు చూసి "పడల్యా" అంటాడు. లైటు ఆరిపోతుంది.

మాకు బహుమతి రాలేదు. ఆ బాధ లేదు, మొదటి బహుమతి వచ్చిన నాటకం నిజంగానే బాగుంది. కానీ తరవాత మార్కుల కాగితం చేతికిచ్చారు. వాచికానికి, అంటే మాట పలికే తీరుకు, 20కి 8. పక్కన "ప్రాంతీయ ఉచ్చారణ ఎక్కువ, ప్రమాణ భాష సాధన చేయాలి" అని రాసి ఉంది. అనంతపురంలో, అనంతపురం పిల్లలు, అనంతపురం రైతు గురించి ఆడితే ఈ మాట! నాటకాలు తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది న్యాయమేనా?

మూడో గంట:
అమ్మా, ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను, ఆరో వరసలో. నాటకం బాగుంది. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను.

ఇరవై రెండేళ్ళు కాలేజీ పిల్లలతో నాటకాలు ఆడించాను. వాచికం అంటే మొదట వినబడాలి, తరవాత అర్థం కావాలి, అందం ఆ తరవాత సంగతి. నీ చివరి మాట నాకు వినబడలేదు. పక్కనున్నాయన "ఏమన్నాడు?" అని నన్నే అడిగాడు. నాటకమంతా ఏ మాట మీద నిలబడిందో ఆ మాటే చేరకపోతే ఎట్లా? "పడలేదు" అని ఉంటే "లే" మీద ఊనిక పడి "దు" దగ్గర తెగుతుంది. "ల్యా" గాల్లో కలిసిపోతుంది.

యూనివర్సిటీల యువజనోత్సవాల్లో ఏకాంకికకు ఇచ్చేది 30 నిమిషాలు. ఖాళీ వేదికతో మొదలుపెట్టి ఖాళీ వేదికతో వదిలిపెట్టాలి. అంత తక్కువ సమయంలో ఒక్క మాట కూడా వృథా పోకూడదు. రేపు మీరు బయటి రాష్ట్రంలో ఆడాల్సి వస్తే అక్కడ సీమ మాట తెలిసినవాళ్ళు ఎవరుంటారు?

బుడ్డల చేను:
నేను బాల్కనీలో ఉంటిని. నాకు బాగానే ఇనపడింది.

మూడో గంట:
బాల్కనీకి స్పీకర్లు దగ్గర. కింద ఎడమ పక్క కూర్చున్నవాళ్ళు చెప్పాలి.

బుడ్డల చేను:
ఎడమ పక్క మా తమ్ముడుండె. వానికీ ఇనపడింది.

పెన్న ఒడ్డు:
సార్, బయటి రాష్ట్రం సంగతి మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. ఆ పోటీల్లో ఏ భారతీయ భాషలోనైనా ఆడవచ్చు. తమిళ జట్టు తమిళంలో, కన్నడ జట్టు కన్నడలో ఆడుతుంది. కథాసారం హిందీలోనో ఇంగ్లీషులోనో రాసి ముందే ఇస్తారు. తెలుగు రాని జడ్జికి "పడలేదు" అన్నా తెలియదు, "పడల్యా" అన్నా తెలియదు. ఆయన చూసేది చెంబు పట్టుకున్న చేతిని, ఆ తండ్రి ముఖాన్ని. మరి సీమ మాట ఎవరికి అడ్డొచ్చింది? తెలుగు బాగా వచ్చినవాళ్ళకే కదా?

హంద్రీ గట్టు:
నేను కర్నూల్లో నాటకాలకు సౌండు చూస్తాను, పదిహేనేళ్ళుగా అదే పని. ఈ నాటకం వీడియో ఎవరో పంపితే చూశాను. చివర్లో తండ్రి వేషం వేసిన అబ్బాయి చెంబు వైపు చూడ్డానికి వెనక తెర వైపు తిరిగాడు. వేదికకు వేలాడదీసిన మైకులు నడిమధ్య బాగా పట్టుకుంటాయి. వెనక్కి పోయి, పైగా వీపు చూపిస్తే ఏమీ పట్టుకోవు. అక్కడ నిలబడి పద్యం ఎత్తుకున్నా ఆరో వరసకు రాదు. ఇందులో "లేదు", "ల్యా" పంచాయితీ ఏమీ లేదు సార్. బ్లాకింగ్ తప్పు, అంటే నటుడు ఎక్కడ నిలబడాలి, ఎటు తిరగాలి అన్న లెక్క తప్పింది.

మూడో గంట:
బాబూ, వాచికానికి మైకు ఎందుకు? మా కాలంలో మైకు లేకుండా వెయ్యి మందికి వినిపించేవాళ్ళు. ఎలా వినిపించారు? అక్షరం నలిగిపోకుండా పలికేవాళ్ళు కనుక.

హంద్రీ గట్టు:
ఆ హాళ్ళలో ఫ్యాన్లు, ఏసీలు, సెల్‌ఫోన్లు లేవు సార్.

తెరచాటు మనిషి:
పొద్దుటి నుంచి చూస్తున్నాను, అందరూ మైకు పట్టుకొని కూర్చున్నారు. నా సంగతి వినండి.

మాది కడప జిల్లా. సురభి నాటకాలు పుట్టింది మా జిల్లాలోనే, 1885లో, సురభి అనే ఊళ్ళో, కీచకవధతో. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే రోజుల్లో ఆ కుటుంబాల ఆడవాళ్ళు వేదికెక్కారు. అలాంటి జిల్లా నుంచి 1996లో మా కాలేజీ జట్టు, ఇంకో ఊరి జట్టు కలిసి కోస్తాలో ఒక పోటీకి పోయాం. నాకిచ్చిన వేషం ఏంటో తెలుసా? నాయకుడి పక్కన కత్తి పట్టుకొని నిలబడేవాడు. నాలుగు డైలాగులు, నాలుగూ సీమ యాసలో. నాయకుడికి, వాళ్ళమ్మకు, చివరికి ఇంట్లో పనిచేసే ముసలాయనకు కూడా మంచి తెలుగు. కథ జరిగేది ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో! నా ఒక్కడికే యాస. అప్పుడు జడ్జీలు పిలిచి మరీ మెచ్చుకున్నారు, "నీ ఉచ్చారణ ఎంత సహజంగా ఉందయ్యా" అని.

కత్తి చేతిలో ఉంటే సహజం, చెంబు చేతిలో ఉంటే తప్పా? దీనికి సమాధానం చెప్పండి. మైకుల సంగతి తరవాత.

మూడో గంట:
సురభి పేరు తెచ్చారు కాబట్టి చెబుతున్నాను. సురభి కీచకుడు సీమ యాసలో మాట్లాడలేదు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో మన ధర్మవరంలోనే పుట్టాడు. 1886లో బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి నాటకాలు రాసి ఆడించాడు. ఆయన కూడా పాత్రలకు ఇంటి మాట పెట్టలేదు. ఆయనకు సీమ మీద ప్రేమ లేకనా? నాటకం సీమ దాటి పోవాలని. దాటి పోయింది కాబట్టే ఇవాళ మనం ఆయన పేరు చెప్పుకుంటున్నాం.

ఇంకో మాట అమ్మా. నువ్వు ఇక్కడ ఇంత పొడుగు రాశావు. ఏ తెలుగులో రాశావో చూసుకో. ఒక్క "ల్యా" అయినా ఉందా?

పెన్న ఒడ్డు:
లేదు సార్. బడిలో నేర్పిన తెలుగులో రాశాను. రాసేటప్పుడు నేను నలుగురితో మాట్లాడుతున్నాను. నాటకంలో ఆ మనిషి తన కూతురితో మాట్లాడుతున్నాడు. రాత్రంతా నిద్ర లేదు, అప్పు తెచ్చిన డబ్బు ఆరు వందల అడుగుల కిందికి పోయింది. ఆ స్థితిలో ఉన్న మనిషి "నీళ్ళు పడలేదు" అని పూర్తి వాక్యం చెప్పడు.

పెద్దవాళ్ళ పేర్లు చెప్పారు, సంతోషం. రాఘవ పేరు ఎందుకు వదిలేశారు? నటుడు బళ్ళారి రాఘవ పుట్టింది 1880లో మన తాడిపత్రిలోనే. పద్యాలకు రాగాలు సాగదీయడం తగ్గించి మనిషి మాట్లాడినట్టు మాట్లాడాలన్నాడు. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టాడు. అప్పటివాళ్ళకు అవి రెండూ తప్పులే. 1892లో విజయనగరంలో కన్యాశుల్కం ఆడినప్పుడు గురజాడ అక్కడి జనం మాటే వేదిక మీదికి తెచ్చాడు. దాన్ని తెలుగువాళ్ళంతా నెత్తిన పెట్టుకున్నారు. విజయనగరం మాట తెలుగు నాటకానికి పనికొచ్చింది. మా నాయన మాట పనికిరాదా?

ప్రమాణ భాష అంటున్నారు. అది కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ళ మాట నుంచి వచ్చిందని మాకు క్లాసులో చెప్పింది తెలుగు సార్లే.

చిత్రావతి గాలి:
కన్యాశుల్కంలో అందరూ ఒకేలా మాట్లాడరు, మనిషిని బట్టి మాట. అదీ గమనించాలి.

బుడ్డల చేను:
చెప్పాలంటే ఈ సార్ల మాదిరోల్లే మా నోర్లు కుట్టినారు. ఏడో క్లాసులో నేను "యాడికి" అన్యానని బెంచీ ఎక్కిచ్చిరి. అప్పట్నుంచి క్లాసులో నోరు తెరవల్యా. ఇప్పుడు నాటకంలోనూ అదేనా?

మూడో గంట:
మర్యాదగా మాట్లాడు. నన్ను ఎరగవు, నా పిల్లలను ఎరగవు. ఆ మార్కుల కాగితం ఆకాశం నుంచి పడలేదు. పన్నెండేళ్ళ కిందట దాన్ని తయారుచేసినవాళ్ళలో నేనొకడిని. వాచికం గడిలో ప్రమాణ భాష అన్న మాట ఉండాలని పట్టుబట్టింది కూడా నేనే. ఉండాలని ఇప్పటికీ అంటాను.

హంద్రీ గట్టు:
ఆ సంగతి మొదటే చెప్పాల్సింది సార్.

తెరచాటు మనిషి:
అదీ విషయం. రెండు రోజులుగా బాల్కనీ, ఎడమ పక్క, మైకు అంటూ తిప్పుతున్నారు. అసలు మాట వినబడలేదని కాదు మీ బాధ. ఆ మాట వినబడడమే మీ బాధ.

మూడో గంట:
రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను.

1979లో పీజీకి కోస్తాలో చేరాను. మొదటి రోజు క్లాసులో నిలబడి "అనంతపురం నుంచి వస్తాండా సార్" అన్నాను. సారు నవ్వలేదు. వెనక మూడు బెంచీలు నవ్వాయి. ఆ రోజు నుంచి రెండేళ్ళు నా పేరు "వస్తాండా". హాస్టల్లో, మెస్సులో, చివరికి ఉత్తరాల మీద కూడా ఎవరో రాసేవాళ్ళు. నాటక బృందంలో చేరాను. మంచి వేషమే ఇచ్చారు. రెండో రిహార్సల్లో దర్శకుడు ఆపి, నన్ను పక్కకు పిలిచి, "నీ గొంతు బాగుంది కానీ మాట కుదరదయ్యా, తెర పని చూసుకో" అన్నాడు. రెండేళ్ళు తెర లాగాను, తెర లేచే ముందు మూడో గంట కొట్టాను. నా పేరు ఇక్కడ మూడో గంట అని ఎందుకు పెట్టుకున్నానో ఎవరూ అడగలేదు.

లెక్చరర్‌గా మన జిల్లాకు వచ్చాక నా పిల్లల్లో ఒక్కరికీ అలా జరగకూడదనుకున్నాను. అద్దం ముందు నిలబెట్టి "వస్తున్నాను, వస్తున్నాను" అని వంద సార్లు అనిపించాను. నా పిల్లలు ఎన్ని ఊళ్ళకు పోయి ఆడినా ఎవరూ నవ్వలేదు. ఒక్కరు కూడా. నోళ్ళు కుట్టానో, కాపాడానో మీరే చెప్పండి. బయటివాళ్ళు నవ్వుతారమ్మా. నీకింకా తెలియదు.

చిత్రావతి గాలి:
సార్, మీకు నమస్కారం.

బుడ్డల చేను:
నేను ఆ మాట అనుండకూడదు సార్. తప్పయింది. నా బెంచీ సంగతి మాత్రం నిజమే.

పెన్న ఒడ్డు:
సార్, మీకు జరిగింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మిమ్మల్ని నవ్వినవాళ్ళది తప్పు. కానీ మీరు దిద్దింది వాళ్ళని కాదు, మమ్మల్ని. నా బాధ ఇప్పటికి సరిగ్గా చెప్పగలిగాను. మార్కులు 8 వచ్చినా 18 వచ్చినా ఇదే అడిగేదాన్ని.

ఆ రోజు మా నాయన నాటకం చూడ్డానికి వచ్చాడు. కాలేజీ నాటకం చూడడం ఆయనకు అదే మొదలు. మాకూ నాలుగు బోర్లు ఎండినాయి. కథలో ఉన్నది చాలావరకు మా ఇల్లే. నాటకం అయిపోయాక ఏమంటాడో అని నాకు ఒకటే టెన్షన్. బయట టీ తాగుతూ ఒక్కటే చెప్పినాడు. "మొదట్లో ఆ పిల్లోడు టెంకాయ పట్టుకొని నీళ్ళు చూసేది తప్పు. నిలువుగా పట్టుకున్యాడు. అరచేతిలో అడ్డంగా పండబెట్టాల. నీళ్ళుండే తావుకు పోతే అదే లేస్తాది" అన్నాడు. "పడల్యా" గురించి ఏమీ అనలేదు. అందులో అనడానికి ఆయనకు ఏమీ కనబడలేదు సార్. ఆ మనిషి అట్లే మాట్లాడతాడు కాబట్టి.

హాల్లో ఎవరూ నవ్వలేదు. మీరు ఆరో వరసలో ఉన్నారు, మీకూ తెలుసు.

మూడో గంట:
నవ్వలేదు. నిజమే.

మీ నాయన చెప్పింది సరైనదే. మా చిన్నాయన మా ఊళ్ళో అందరికీ నీళ్ళు చూసేవాడు. అడ్డంగానే పెట్టుకునేవాడు, పిలక వేళ్ళ వైపుకు. నాకు నాటకం చూస్తున్నప్పుడే ఏదో తేడాగా అనిపించింది కానీ ఏంటో తట్టలేదు.

మార్కుల కాగితం గురించి నా అభిప్రాయం ఇంకా మారలేదు. ఈ నెలాఖరుకు కమిటీ కూర్చుంటుంది. వాచికం గడిలో ఆ మాట ఎందుకుందని ఎవరైనా అడిగితే నేను 1979 సంగతి చెప్పాల్సి వస్తుంది. ఇన్నేళ్ళలో అక్కడ ఎవరికీ చెప్పలేదు. కుదిరితే నీ స్క్రిప్టు ఒక కాపీ పంపు. చివరి మాట మార్చమనడానికి కాదు. ఆ అబ్బాయిని చెంబు దగ్గర ముందుకు ఎలా తిప్పాలో రాసిస్తాను.

హంద్రీ గట్టు:
పూర్తిగా ముందుకు అక్కర్లేదు సార్. పక్కకు తిరిగినా మైకు అందుకుంటుంది.