సైనికులకు సరిహద్దు భూములిచ్చాను, నవల అక్కడే ఆగిపోయింది

ప్రశ్న:
ఫాంటసీ నవల రాస్తున్నాను. పన్నెండేళ్ల యుద్ధం అయిపోయింది. ఖజానా ఖాళీ, ఇంటికి పంపాల్సిన సైనికులు 4,000 మంది. జీతాల బాకీ కింద రాజు ఏటి అవతల, రాక్షసుల దగ్గర గెలిచిన నేలలో తలా పదెకరాలు రాసిచ్చాడు. తర్వాతి అధ్యాయానికల్లా ఊళ్లు, పంటలు, జాతరలు. చదివిన మా చెల్లి "ఇంత ఈజీనా?" అంది. నిజంగా ఇలాంటిచోట ఎక్కడ తేడా కొడుతుంది?

జవాబు 1:
మా నాన్న హవల్దారుగా రిటైరయ్యాక ఐదెకరాల మెట్టకి డి-పట్టా (ప్రభుత్వ భూమి కేటాయించిన కాగితం) ఇచ్చారు. కాగితం వచ్చిన రెండేళ్లకి గానీ చేను కనపడలేదు. సర్వేయర్ గొలుసు పట్టుకుని వచ్చేసరికి అక్కడ ఒకాయన కంది వేసి ఉన్నాడు. "మా తాత నుంచీ దున్నుతున్నాం సార్" అన్నాడు. అదీ నిజమే, నాన్న పట్టా కూడా నిజమే. చివరికి నాన్న పక్కనున్న గుట్ట వాలుతో సరిపెట్టుకున్నారు. తుమ్మలు కొట్టించడానికే చేతిలో డబ్బంతా అయిపోయింది. మొదటి ఏడాది ఇంటికొచ్చింది రెండు బస్తాల అలసందలు.

మీ రాజుని భూమితో పాటు ఎడ్లు, విత్తనాలు, కోత దాకా తిండిగింజలు ఇమ్మనండి. అసలు పన్నెండేళ్లు కత్తి పట్టినవాడికి నాగలి పట్టడం వచ్చా?

జవాబు 2:
రోమన్ల చరిత్రలో ఇదంతా ఉంది. క్రీ.పూ. 25లో అగస్టస్ చక్రవర్తి మాజీ సైనికుల కోసం స్పెయిన్‌లో ఎమెరిటా (ఇప్పటి మెరిదా) కట్టించాడు, ఆ ఊరు నిలబడింది. అదే క్రీ.శ. 14లో డాన్యూబ్ నది దగ్గరి పనోనియా రాష్ట్రంలో రోమన్ సేన తిరగబడినప్పుడు, పొలం పేరు చెప్పి బురదనేలా కొండవాలూ అంటగడుతున్నారన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. పై హవల్దారు గారి గుట్టే గుర్తొచ్చింది.

నీరో చక్రవర్తి కాలంలో ఇటలీలోని టరెంటమ్‌లో దింపిన మాజీ సైనికుల్లో చాలామంది తాము పనిచేసిన రాష్ట్రాలకే తిరిగి జారుకున్నారు. ఒక దళం వాళ్లని ఒకచోట పెట్టకుండా, ముక్కూమొహం తెలియనివాళ్లని కలిపేశారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ విసుక్కున్నాడు.

బ్రిటన్‌లో ఇంకా ఘోరం. కమ్యులోడునంలో (ఇప్పటి కోల్చెస్టర్) దిగిన సైనికులు అక్కడివాళ్లని ఇళ్లలోంచి, పొలాల్లోంచి గెంటేశారు. ఊరికి గోడ కూడా లేదు. రోమన్ల మీద అక్కడి రాణి బౌడికా చేసిన తిరుగుబాటులో ముందు తగలబడింది అదే. గుడిలో దాక్కున్నవాళ్లు రెండు రోజులు ఆగగలిగారు, అంతే.

ఇంతకీ మీ రాక్షసులు ఎక్కడికి పోయారు?

ప్రశ్న అడిగినవారు:
అక్కడే దొరికిపోయాను. వాళ్లని అడవిలోకి తోలేసి మర్చిపోయాను! ఒక ముసలి రాక్షసి తన చేలోనే కూలికి వస్తుంది, ఏ చెలమలో వేసవికి నీళ్లుంటాయో ఆమెకే తెలుసు. ఇక్కణ్నుంచి మళ్లీ మొదలుపెడతా. జవాబు 1 గారూ, ఆ గొలుసు సీను వాడుకోవచ్చా?

జవాబు 1:
వాడుకోండి. కంది బదులు ఇంకేదైనా పెట్టండి, నాన్న కూడా చదువుతారు.