అప్‌డేట్: బాస్కెట్‌బాల్ ఆటగాడు జార్జ్ మైకన్ కోసం నిజంగానే రూల్స్ మార్చారా?

"మైకన్ డ్రిల్‌కి పేరిచ్చిన ఆటగాడు ఎవరు, ఆయన వల్ల రూల్స్ మారాయన్నది నిజమేనా?" అని ఇంతకుముందు అడిగాను కదా (మైకన్ డ్రిల్ అంటే బుట్ట కింద నిలబడి ఒకసారి కుడివైపు నుంచి, ఒకసారి ఎడమవైపు నుంచి బంతి వేసే ప్రాక్టీస్). జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. తర్వాత నేనూ కొంచెం చదివాను. నిజమే, అదీ ఒక్కసారి కాదు!

ఆ ఆటగాడే మైకన్, కళ్లజోడు పెట్టుకుని ఆడిన 6 అడుగుల 10 అంగుళాల మనిషి. డిపాల్ యూనివర్సిటీలో కోచ్ రే మేయర్ చేతిలో రాటుదేలాడు. రింగ్‌లో పడబోయే బంతిని పైనుంచే తోసేసేవాడు. ఓక్లహోమా ఎ అండ్ ఎమ్ కాలేజీలో బాబ్ కర్లాండ్‌దీ అదే పని. దాంతో 1944లో కాలేజీ ఆటలో ఇలా తోసేయడాన్ని, అంటే గోల్‌టెండింగ్‌ని, నిషేధించారు. ఆ లెక్కన క్రెడిట్ ఇద్దరిదీ.

ప్రొఫెషనల్‌గా మిన్నియాపోలిస్ లేకర్స్‌కి వెళ్లాక, ఆయన్ని బుట్టకి దూరంగా ఉంచడానికి 1951లో లేన్ (బుట్ట ముందు గీసిన, దాడి చేసే జట్టు ఆటగాడు మూడు సెకన్లకు మించి ఉండకూడని చోటు) వెడల్పుని 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. అయినా టైటిల్స్ ఆగలేదు.

నాకు బాగా నచ్చింది 1950 నవంబర్ 22 మ్యాచ్. మైకన్‌కి బంతి దక్కకూడదని ఫోర్ట్ వేన్ పిస్టన్స్ షాట్ వేయకుండా బంతిని పట్టుకునే కూర్చున్నారు. స్కోరు 19-18, గెలుపు పిస్టన్స్‌ది. లేకర్స్ 18లో 15 మైకన్‌వే. చూసినవాళ్లకి ఎంత బోర్ కొట్టి ఉంటుందో! 24 సెకన్లలోపు షాట్ వేయాల్సిందేననే షాట్ క్లాక్ రూల్ 1954లో వచ్చింది. కారణాల్లో ఈ మ్యాచ్‌నీ చెబుతారు.

1967లో ఏబీఏకి (ఎన్‌బీఏకి పోటీగా వచ్చిన బాస్కెట్‌బాల్ లీగ్) తొలి కమిషనర్ కూడా ఆయనే. ఆ లీగ్ మూడు పాయింట్ల గీతతోనే (దాని అవతలి నుంచి బుట్టలో వేస్తే మూడు పాయింట్లు) మొదలైంది.