ఆరుద్ర నక్షత్రం మన కాలంలో పేలుతుందా, ఊరకే పుకారా?

బురుజుకాడ (కర్నూలు): బెటెల్‌జూస్, అదే మన ఆరుద్ర చుక్క, ఇంకో పదీ ఇరవై ఏండ్లలో సూపర్‌నోవా అయిపోతుందని, అంటే పేలి చచ్చిపోతుందని మళ్ళీ వీడియోలు తిరుగుతాండాయి. నాకైతే నిజమే అనిపిస్తాంది. 2019 ఆఖర్లో ఎంత మసకబారిందో చూసినాం కదా. పైగా 2023లో జపాన్ సైంటిస్టు హిడెయుకి సాయో టీమ్ అది కార్బన్ మండే దశ చివర్లో, అంటే చావుకు దగ్గర్లో, ఉందని పేపర్ రాసింది. ఏమంటారప్పా?

గడియారం_అనంత: ఆ మసకని లెక్కలోకి తీస్కోవద్దన్నా. నక్షత్రం గ్యాస్ కక్కింది, అది చల్లారి దుమ్మై మనకు అడ్డమొచ్చింది, 2020 ఎండాకాలం లోపలే మళ్ళీ వెలుగొచ్చేసింది. అసలు చావు గర్భంలో జరుగుతుంది, పై పొరకి తెలిసేది చానా లేటు. హైడ్రోజన్ లక్షల ఏండ్లు మండుతుంది, తర్వాత హీలియం, ఆ తర్వాత కార్బన్ కొన్ని వందల ఏండ్లు, సిలికాన్ దాకా వచ్చేసరికి ఒకట్రెండు రోజులే, ఆఖరుకి ఇనుము మిగుల్తుంది, ఇనుము కేంద్రకాల్ని ఒకదాంతో ఒకటి కలిపితే శక్తి రాదు కాబట్టి గర్భం సెకను లోపలే కూలిపోతుంది. ఇదంతా జరుగుతాంటే పైన చూసేవాడికి అదే ఎర్ర చుక్క.

చెనక్కాయరైతు_కడప: అది పేలిపోతే ఆరుద్ర కార్తె ఉండదా అబ్బీ, మేం చెనక్కాయ ఎప్పుడు ఏసేది 😄

గడియారం_అనంత: కార్తె సూర్యుడి లెక్క కదా మామా, చుక్క పోయినా కార్తె యాడికీ పోదు. వాన సంగతి మాత్రం నన్నడగొద్దు.

బురుజుకాడ: జోకులు సరే, సాయో పేపర్‌కి జవాబు చెప్పు.

గడియారం_అనంత: చెప్తా. ఆ చుక్క వెలుగు రెండు రకాలుగా పెరిగి తగ్గుతాంటుంది, ఒకటి 400 రోజులకు కొంచెం పైన, ఇంకోటి 2,100 రోజుల దగ్గర. సాయో పెద్దదాన్నే అసలు స్పందనం, అంటే నక్షత్రం ఉబ్బి తగ్గే లయ, అన్నాడు, అట్లయితే నక్షత్రం సూర్యుడికి దాదాపు 1,300 రెట్లు వెడల్పుండాల. 2020లో మెరిడిత్ జాయిస్ టీమ్ చిన్నదాన్నే అసలుది అనుకుని 750 రెట్ల పైచిల్లర తేల్చింది, ఇంకా హీలియం దశే, పేలడానికి లక్ష ఏండ్ల పైనే ఉందనింది. మరి ఆ 2,100 రోజులదేంది అంటే, పక్కన చిన్న తోడు నక్షత్రం తిరుగుతాందని 2024లో లెక్కగట్టినారు, 2025లో హవాయిలోని జెమినీ నార్త్ టెలిస్కోపులో అది లీలగా దొరికినట్టు చెప్పినారు. అది ఖాయమైతే సాయో లెక్కకి పునాదే పోయినట్టు.

బురుజుకాడ: లీలగా దొరికినట్టు, ఖాయమైతే... నువ్వే చెప్తాండావు. దాని దూరమే 550 కాంతి సంవత్సరాలని ఒకరు, 700 అని ఒకరు అంటాంటే వెడల్పు ఎట్ల తేలుస్తావు? నేనైతే డోర్ మూయను.

గడియారం_అనంత: దూరం సంగతి ఒప్పుకుంటా, కానీ 700 పెట్టినా 1,300 రెట్లు రావడం కష్టమే.

చెనక్కాయరైతు_కడప: సరే ఎవురిదో ఒకరిది నిజమనుకో, పేలితే మనకేమన్నా అయితాదా?

గడియారం_అనంత: ఏమీ కాదు మామా, అంత దూరం నుంచి దెబ్బ తగల్దు. పగలు కూడా కనపడుతుంది అంతే. ముందు న్యూట్రినోలొస్తాయి, అంటే దేన్నైనా దూసుకుపోయే చిన్న కణాలు, 1987లో పక్క గెలాక్సీలో ఒకటి పేలితే వెలుగు కంటే గంటల ముందే జపాన్‌లో వాటిని పట్టే కామియోకాండే పరికరానికి తగిలినాయి. ఇప్పుడు వాటికోసం స్న్యూస్ అని అలర్ట్ సిస్టమ్ ఉంది, మామూలు జనం కూడా ఈమెయిల్ ఇచ్చి పెట్టుకోవచ్చు.

బురుజుకాడ: పెట్టేసినా. మెయిల్ వచ్చిన రోజు ఈ థ్రెడ్‌లోనే స్క్రీన్‌షాట్ వేస్తా, రెడీగా ఉండు.